ఖరీదైన శివారులో ఉండాలా, వెళ్లాలా? ముందు ఇంటినీ ఏరియానూ విడదీసి చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. సంగతి క్లుప్తంగా ఇదీ. తొమ్మిదేళ్ల కిందట మంచి స్కూళ్లు, పార్కులు, ప్రశాంతత చూసి నగర శివారులో ఖరీదైన ఏరియాలో ఇల్లు కొన్నారు. ఇరవై ఏళ్ల లోను. ఇద్దరి జీతాలూ కలిపి వంద అనుకుంటే ఈఎంఐ, మెయింటెనెన్స్, ఇంటి పన్ను కలిపి 46 పోతోంది. మూడేళ్లుగా పొదుపు లేదు. ఇరవయ్యో తారీఖు దాటితే క్రెడిట్ కార్డే దిక్కు. 35 కిలోమీటర్ల అవతల చిన్న టౌన్‌లో ఇంతటి ఇల్లే సగం ధరకు వస్తుందట. మీకు వెళ్లిపోవాలని ఉంది. మీ వారేమో "ఒకసారి ఇక్కణ్నుంచి బయటపడితే మళ్లీ రాలేం, పైగా లోను సగం తీరిపోయింది" అంటున్నారు. పాపకు 13 ఏళ్లు, బాబుకు 7. ఉండాలా, వెళ్లాలా అని అడిగారు.

కుటుంబాల ఇంటి లోన్లు, నెల బడ్జెట్లు చూసి సలహా చెప్పే పనిలో నేను 22 ఏళ్లు ఉన్నాను. మేం కూడా ఒకప్పుడు ఇలాంటి ఏరియా వదిలి వెళ్లినవాళ్లమే. వెళ్లే తొందరలో కొన్ని తప్పులు చేశాం, అవి కూడా చెప్తాను. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తున్నా. మీరు చెప్పిన వివరాలను బట్టి మీరు ఇల్లు వదలడం మంచిది. ఏరియాను మాత్రం ఇప్పుడే వదలొద్దు.

మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి. ఈ ఏరియాలో బతకాలా అన్నది ఒకటి. ఈ ఇంటికి ఓనర్లుగా ఉండాలా అన్నది ఇంకొకటి. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు, అందుకే ఇంట్లో గొడవ ఎన్నాళ్లయినా తెగదు. మీరు ఈఎంఐ గురించి మాట్లాడుతుంటే ఆయన ఏరియా గురించి జవాబిస్తున్నారు. మీ రాతలో నాకు కనిపించిన బాధంతా నెలనెలా పోయే డబ్బు గురించే. స్కూలు బాలేదని గానీ, చుట్టుపక్కలవాళ్లు నచ్చలేదని గానీ ఒక్క మాట కూడా లేదు. పైగా "నా స్నేహితులంతా ఇక్కడే ఉన్నారు" అని కూడా రాశారు.

ఖరీదైన శివార్లలో చాలాచోట్ల ఇళ్ల ధరలు అద్దెల కంటే వేగంగా పెరిగిపోతాయి. అలాంటిచోట అదే వీధిలో అద్దెకుంటే నెలకయ్యే ఖర్చు ఈఎంఐ కంటే బాగా తగ్గుతుంది. మీ దగ్గర కూడా అలాగే ఉందో లేదో ఒక్క పూటలో తెలుసుకోవచ్చు. మీ ఇల్లు ఇవాళ అమ్మితే ఎంత వస్తుందో కనుక్కోండి. అలాంటి ఇంటికి ఏడాది అద్దె ఎంతో కూడా కనుక్కోండి. మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి. 15 లోపు వస్తే సొంతిల్లు నిలబెట్టుకోవడానికి గట్టి కారణం ఉన్నట్టే. 20 దాటితే తూకం అద్దె వైపు మొగ్గుతుంది. ఇది మోటు లెక్కే, వడ్డీ రేటును బట్టి, పన్నులను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. అయినా ఇంతకాలం నా దగ్గరికి వచ్చిన వాళ్లలో ఈ ఒక్క భాగహారం చేసుకుని వచ్చినవాళ్లు చాలా తక్కువ.

ఇక మీ వారి మాట. "తొమ్మిదేళ్లు కట్టాం, సగం తీరిపోయింది" అన్నారు. ఇక్కడ ఆయన పొరబడ్డారు. ఆయన తప్పేమీ లేదు, దాదాపు అందరూ ఇలాగే అనుకుంటారు. ఇరవై ఏళ్ల లోనుకు 8.5 శాతం వడ్డీ అనుకోండి. మొదటి నెల ఈఎంఐలో దాదాపు 82 శాతం వడ్డీకే పోతుంది. తొమ్మిదేళ్లు క్రమం తప్పకుండా కట్టాక కూడా అసలులో సుమారు 74 శాతం మిగిలే ఉంటుంది. అసలు సగానికి రావడానికి పద్నాలుగేళ్లు దగ్గరపడతాయి. మీ వడ్డీ రేటు వేరే కావచ్చు, లెక్క తీరు మాత్రం ఇదే. బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి అవుట్‌స్టాండింగ్ ప్రిన్సిపల్, అంటే ఇంకా తీర్చాల్సిన అసలు, అన్న గడి ఇద్దరూ కలిసి చూడండి. నా దగ్గరికి వచ్చిన ఒకాయన ఆ అంకె చూసి, కాగితం తిరగేసి వెనకవైపు ఇంకేమైనా ఉందేమోనని చూశారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. అందుకే మీ వారికి ఈ సంగతి మీరు వాదనలా చెప్పకండి. పక్కన కూర్చుని చూడండి, అంతే.

ఆ అంకె చూశాక ఒక పని చేయాలి. ఇల్లు అమ్మి, లోను తీర్చి, ఖర్చులు పోగా చేతికి ఎంత మిగులుతుందో వేసుకోండి. ఆ డబ్బు మీ బ్యాంకు ఖాతాలో ఉందని, మీకు ఇల్లు లేదని ఊహించుకోండి. ఇవాళ్టి మీ జీతాలతో, మిగిలిన అంత లోను మళ్లీ నెత్తిన పెట్టుకుని, సరిగ్గా ఈ ఇల్లే కొంటారా? కొంటాం అని ఇద్దరికీ మనస్ఫూర్తిగా అనిపిస్తే ఉండిపోండి, నా సలహా పక్కన పెట్టేయండి. కొనం అనిపిస్తే మాత్రం మిమ్మల్ని అక్కడ పట్టి ఉంచుతున్నది ఇప్పటిదాకా కట్టిన డబ్బు మీది మమకారం. అది ఉన్నా వెళ్లినా తిరిగిరాదు.

ఏరియా సంగతికి వద్దాం. నాకు దీని మీద చెప్పాల్సింది ఎక్కువ ఉంది.

ఖరీదైన ఏరియా మనకు అన్నీ కట్టగట్టి ఒకే ధరకు అమ్ముతుంది. స్కూలు, భద్రత, చెట్లు, నిశ్శబ్దం, క్లబ్బు, ఈతకొలను, పేరు, పరిచయాలు. ఇవన్నీ మనం వాడుకోం. కానీ అన్నిటికీ కడతాం. ఏది వాడుతున్నామో ఊహించి చెప్పమంటే తప్పు చెప్తాం. ఒక జంటకు నేను నాలుగు వారాలు రాసుకోమని చెప్పాను. ఆవిడ వంటింటి గోడకున్న క్యాలెండర్ మీద రోజూ పడుకునే ముందు చిన్న అక్షరాలతో రాసేది: ఇవాళ ఈ ఏరియాలో ఉన్నందువల్ల మాత్రమే మనకు జరిగిన మేలు ఏమిటి అని. నెల తర్వాత ఆ కాగితం పట్టుకొచ్చారు. ఈతకొలను అని ఒక్కసారి కూడా లేదు. దానికి ఏడాది ఫీజు కడుతున్నారు. పార్కు మూడుసార్లు ఉంది. "పక్కింటి ఆంటీ దగ్గర బాబును వదిలాం" అని 17 సార్లు ఉంది. ఆ మేలుకు వాళ్లు ఒక్క పైసా కట్టడం లేదు. ఆ కుటుంబం ఏరియా వదల్లేదు. ఆ కాలనీలోనే రెండు వీధుల అవతల చిన్న ఇంటికి మారారు, ఆ ఆంటీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో.

మీరూ ఈ నాలుగు వారాలు రాయండి. మీరొకటి, మీ వారొకటి, విడివిడిగా. నెలయ్యేదాకా ఒకరిది ఒకరు చూసుకోవద్దు.

స్కూలు గురించి ఒక మాట. మంచి స్కూలు పరిధిలో ఉన్న ఇంటికి ధర ఎక్కువని అందరికీ తెలుసు. ఎంత ఎక్కువో సాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త 1999లో ప్రచురించిన అధ్యయనంలో లెక్కగట్టారు. అమెరికాలోని బోస్టన్ శివార్లలో రెండు స్కూళ్ల పరిధులను విడదీసే గీతకు అటూ ఇటూ ఉన్న ఇళ్లను పోల్చి చూశారు. ఏరియా ఒకటే, ఇళ్లు ఒకేలాంటివి, పిల్లలు వెళ్లే స్కూలే వేరు. పరీక్ష మార్కుల సగటు 5 శాతం ఎక్కువున్న స్కూలు కోసం తల్లిదండ్రులు ఇంటికి 2.5 శాతం దాకా ఎక్కువ పెడుతున్నారని తేలింది. ఇలా గీత దగ్గరి ఇళ్లను కాకుండా వేర్వేరు ఏరియాల ఇళ్లను పోల్చే మామూలు లెక్కలు చూపించినదాంట్లో ఇది దాదాపు సగమే. అంటే మనం స్కూలు కోసం కడుతున్నాం అనుకునే ధరలో దాదాపు సగం నిజానికి మిగతా హంగులకు పోతోంది. మీ పిల్లలు ఆ స్కూల్లో చదవడానికి అక్కడ నివాసం ఉంటే చాలా, సొంతిల్లే ఉండాలా అన్నది స్కూలు ఆఫీసులో అడిగి తెలుసుకోండి. మామూలుగా చిరునామా చాలు. అద్దె ఇంటికీ చిరునామా ఉంటుంది.

ఇరవయ్యో తారీఖుకే డబ్బు అయిపోవడానికి ఈఎంఐ ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఇది చెప్పడం కష్టంగానే ఉంది, అయినా చెప్పాలి. చుట్టూ మన కంటే ఎక్కువ సంపాదించేవాళ్లుంటే మన ఖర్చు మనకు తెలియకుండానే పెరుగుతుంది. నెదర్లాండ్స్‌లో పోస్ట్‌కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) మీద నడిచే లాటరీ ఒకటుంది. ఒక పోస్ట్‌కోడ్‌కు బహుమతి తగిలితే అక్కడ టికెట్ కొన్నవాళ్లందరికీ వస్తుంది. ఈ పరిశోధన జరిగినప్పుడు ఆ బహుమతిలో డబ్బుతో పాటు కొత్త బీఎండబ్ల్యూ కారు కూడా ఉండేది. ఆర్థికవేత్త పీటర్ కూన్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో తేలిందేమంటే, గెలిచినవాళ్ల పక్కింట్లో ఉండి అసలు టికెట్టే కొననివాళ్లు కూడా మిగతావాళ్ల కంటే ఎక్కువగా కార్లు మార్చారు. వాళ్లకు కొత్తగా ఒక్క పైసా రాలేదు. పక్కింటి ముందు కొత్త కారు కనిపించింది, అంతే. ఎర్జో లట్‌మెర్ అనే ఆర్థికవేత్త 2005లో అమెరికా డేటాతో చూపించింది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. మన ఆదాయం అంతే ఉండి, ఇరుగుపొరుగు ఆదాయం ఎక్కువగా ఉన్నచోట మనుషులు తమ జీవితం పట్ల తక్కువ తృప్తిగా ఉన్నామని చెప్పారు.

మీ ఇంట్లో ఇది ఎంతో నాకు తెలియదు. గత ఆరు నెలల కార్డు బిల్లులు ముందేసుకుని, ఒక్కో ఖర్చు పక్కన "ఇక్కడ లేకపోతే ఇది పెట్టేవాళ్లమా?" అని రాసుకుంటూ రండి. పాప స్నేహితుల పుట్టినరోజు కానుకలు, అందరూ వెళ్తున్నారని చేర్పించిన క్లాసులు, సెలవుల ట్రిప్పులు. ఇవి నెలకు వందలో ఐదారు వస్తే, అద్దె ఇంటికి మారినా ఆ ఐదారూ మీ వెంటే వస్తాయి. అప్పుడు వాటి గురించి వేరేగా కూర్చుని మాట్లాడుకోవాలి.

ఇప్పుడు ఆ చిన్న టౌన్. సగం ధర అన్న మాట విన్నాక మనసు అక్కడే ఆగిపోతుంది, నాకు తెలుసు. మాకూ అలాగే ఆగిపోయింది. మీ వారికి ఇప్పుడు ఆఫీసుకు 50 నిమిషాలు పడుతోందన్నారు. ఇంకో 35 కిలోమీటర్లంటే ఒక్కో వైపు కనీసం 40 నిమిషాలు కలుస్తాయి. రోజుకు 80 నిమిషాలు, ఏడాదికి 240 పనిదినాలు వేస్తే 320 గంటలు. ఎనిమిది గంటల పనిరోజు లెక్కన చూస్తే ఏడాదికి 40 రోజుల అదనపు డ్యూటీ, జీతం లేకుండా. అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రై అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల సర్వేలు చూసి 2008లో రాశారు: దూర ప్రయాణం చేసేవాళ్లకు మంచి ఇల్లో మంచి జీతమో దొరికి ఆ కష్టం సరితూగాలి కదా, కానీ తూగడం లేదు, ప్రయాణం పెరిగేకొద్దీ తృప్తి తగ్గుతూనే ఉంది అని. మనిషి పెద్ద హాలుకు త్వరగానే అలవాటు పడిపోతాడు. ట్రాఫిక్ రోజుకో రకంగా ఉంటుంది కాబట్టి దానికి అలవాటు పడడం జరగదు.

మా ఆయన అప్పట్లో రోజూ గంటన్నర డ్రైవ్ చేసి ఇంటికి వచ్చేవారు. కారు ఆగిన చప్పుడు వినిపించేది, తలుపు చప్పుడు వినిపించేది కాదు. కిటికీ లోంచి చూస్తే ఇంజన్ ఆపేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీదే పెట్టుకుని పది నిమిషాలు అలాగే కూర్చునేవారు. లోపలికి రాగానే పిల్లల మీద విసుక్కోకూడదని అలా కూర్చునేవాణ్నని చాలా ఏళ్ల తర్వాత చెప్పారు.

ఉద్యోగాల సంగతి కూడా చూసుకోండి. ఇప్పుడున్న చోటి నుంచి గంటలో చేరుకోగలిగే దూరంలో మీ ఇద్దరి పనికి సరిపోయే కంపెనీలు ఎన్ని ఉన్నాయి, ఆ టౌన్ నుంచి ఎన్ని ఉన్నాయి? ఉన్న ఉద్యోగం పోతే ఆ తేడా తెలుస్తుంది. మీరు వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పని చేస్తున్నానన్నారు. ఆ వెసులుబాటు మీ అపాయింట్‌మెంట్ లెటర్లో ఉందా, మేనేజర్ నోటిమాటా? నోటిమాటైతే దాని మీద ఇల్లు కొనొద్దు.

ఇంకో సంగతి మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. రెండు జీతాలూ పూర్తిగా వస్తేనే నిలబడే ఇల్లు మీది. ఒక జీతం ఆగితే మిగిలిన జీతంలో ఈఎంఐ కట్టాక చేతిలో ఏమీ ఉండదు. ఒకే జీతంతో ఇల్లు గడిచే కుటుంబంలో కష్టం వస్తే రెండోవాళ్లు పనికి వెళ్లి ఆదుకుంటారు. మీ ఇంట్లో ఆ రెండోవాళ్లు ఇప్పటికే పనిలో ఉన్నారు. నా అనుభవంలో ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలు ఎక్కువగా దుబారా మనుషులవి కావు. ఆరు నెలల ఖర్చు పక్కన లేనివాళ్లు, అదే సమయంలో ఒకరికి జబ్బు చేయడమో ఉద్యోగం పోవడమో జరిగినవాళ్లు. మూడేళ్లుగా పొదుపు లేదని మీరు రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయింది అందుకే.

పిల్లల గురించి. ఏరియా ఇప్పుడే వదలొద్దు అనడానికి అసలు కారణం మీ పాప.

అమెరికా ప్రభుత్వం 1994 నుంచి 1998 దాకా ఐదు నగరాల్లో ఒక ప్రయోగం చేసింది. బాగా పేద బస్తీల్లో ఉన్న కుటుంబాల్లో కొందరికి లాటరీ పద్ధతిలో, మెరుగైన ఏరియాకు మారడానికి అద్దె సాయం ఇచ్చింది. రాజ్ చెట్టి, నథానియల్ హెండ్రెన్, లారెన్స్ కాట్జ్ అనే ఆర్థికవేత్తలు ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో చూసి 2016లో ప్రచురించారు. 13 ఏళ్లు నిండకముందు మారిన పిల్లలు ఇరవైల నడుమకు వచ్చేసరికి, సాయం అందని కుటుంబాల పిల్లల కంటే 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. 13 దాటాక మారినవాళ్లకు ఆ మేలు కనబడలేదు, ఫలితం కొంచెం తగ్గుదల వైపే ఉంది. మీ సంగతి ఆ కుటుంబాల లాంటిది కాదు, మీరు మంచి చోటి నుంచి ఇంకో మాదిరి చోటికి వెళ్లాలనుకుంటున్నారు. కాబట్టి ఆ 31 శాతాన్ని మీకు అన్వయించను. నేను తీసుకునేది వయసు సంగతి ఒక్కటే. పెద్ద పిల్లలకు ఉన్నచోటు నుంచి కదలడమే ఒక దెబ్బ, కొత్త చోటు ఎంత మంచిదైనా ఆ దెబ్బను పూడ్చేంత కాలం వాళ్లకు మిగలదు. మీ పాప సరిగ్గా ఆ వయసులో ఉంది. బాబుకు ఇంకా చాలా సమయముంది.

చిన్నపిల్లలకూ అది తేలికేమీ కాదు. మేం మారినప్పుడు మా చిన్నాడికి తొమ్మిదేళ్లు. పాత ఇంట్లో సాయంత్రం ఐదయితే చెప్పులేసుకుని పరిగెత్తేవాడు, వెనక్కి పిలిచినా వినేవాడు కాదు. కొత్త ఇంటికి వెళ్లిన పదో రోజనుకుంటా, ఐదవగానే అలవాటు కొద్దీ చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ కాసేపు నిలబడ్డాడు. ఎవరింటికి వెళ్లాలో తెలియలేదు. మళ్లీ చెప్పులు విప్పి, మామూలుగా ఎప్పుడూ సర్దనివాడు రెండూ జతగా గోడవారకు పెట్టి, లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది నాకు.

పెద్దవాళ్లకూ అంతే. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ చేసిన అధ్యయనం ప్రకారం పరిచయస్తులు మామూలు స్నేహితులు కావడానికి కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు కావాలి, దగ్గరి స్నేహితులు కావడానికి 200 గంటలు దాటాలి. నలభై దాటిన వయసులో, ఇద్దరు పిల్లలతో, కొత్త చోట అన్ని గంటలు ఎక్కణ్నుంచి తెస్తారు? మీకిప్పుడున్న స్నేహితులు తొమ్మిదేళ్ల సంపాదన. ఏరియా ధరలో కలపాల్సిన అంకె అది.

అందుకని నేను చెప్పేది ఇది. మీ ఏరియాలోనే, పాప స్కూలు మారకుండా, చిన్న ఇల్లు అద్దెకు చూడండి. మీ ఆదాయంలో వందకు 25 లోపు అద్దె వస్తే మీ ఇల్లు అమ్మేయండి. 46 కాస్తా 25 అయితే నెలకు వందలో 21 మిగులుతుంది. అందులోంచి ముందు కార్డు అప్పు తీర్చేయండి. తర్వాత ఆరు నెలల ఖర్చుకు సరిపడా పక్కన పెట్టండి. ఇల్లు అమ్మగా మిగిలిన డబ్బు ముట్టుకోకుండా, ఆదాయం వచ్చే భద్రమైన చోట ఉంచండి. మూడు నాలుగేళ్లలో పాప స్కూలు చదువు అయిపోతుంది. అప్పటికి బాబుకు పది పదకొండేళ్లు. ఆ టౌన్‌కు వెళ్లాలా, ఇక్కడే మళ్లీ కొనాలా అన్నది అప్పుడు, చేతిలో డబ్బుతో, టెన్షన్ లేకుండా తేల్చుకోవచ్చు.

అద్దె ఇంటికి ఇబ్బందులు లేవనను. ఓనరు ఖాళీ చేయమనవచ్చు, అద్దె పెంచవచ్చు, గోడకు మేకు కొట్టాలన్నా అడగాలి. అగ్రిమెంటు వీలైనంత ఎక్కువ కాలానికి రాయించుకోండి, ఏటా ఎంత పెంచాలో అందులోనే ఉండాలి. సొంతిల్లు వదిలి అద్దెకు వెళ్లడమంటే మెట్టు దిగినట్టు మీ వారికి అనిపించవచ్చు. అలా అనిపిస్తే అది చిన్న విషయం కాదు, నచ్చజెప్పడానికి తొందరపడొద్దు.

ఆయన "మళ్లీ రాలేం" అన్న మాటలో నిజం ఉంది. ఖరీదైన ఏరియా వదిలి ఊరవతల కొన్నవాళ్లు మళ్లీ రావడం చాలా కష్టం, నేను చూశాను. అందుకే ఏరియా వదలొద్దంటున్నాను. అక్కడే అద్దెకుంటే ఆ తలుపు పూర్తిగా మూసుకుపోదు. ధరలు మీ పొదుపు కంటే వేగంగా పెరిగితే మళ్లీ కొనలేకపోయే ప్రమాదం ఉంటుంది, దాన్ని నేను దాచను. కానీ ఇప్పుడున్న పద్ధతిలో నెలనెలా కార్డు మీద అప్పు పెరుగుతుంటే ఆ ఇల్లు నిలబడుతుందన్న హామీ కూడా లేదు.

ఇంత ఆలోచించినా తేలకపోతే, స్టీవెన్ లెవిట్ అనే ఆర్థికవేత్త చేసిన ఒక ప్రయోగం గుర్తుంచుకోండి. ఉద్యోగం మానాలా, ఇల్లు మారాలా లాంటి విషయాల్లో ఎటూ తేల్చుకోలేనివాళ్లతో ఆన్‌లైన్‌లో నాణెం ఎగరేయించాడు. 20 వేలకు పైగా టాస్‌లు నమోదయ్యాయి. పెద్ద నిర్ణయాల్లో మార్పు వైపు నాణెం పడినవాళ్లు ఆరు నెలల తర్వాత, మార్పు వద్దని నాణెం పడినవాళ్ల కంటే సంతోషంగా ఉన్నామని చెప్పారు. నాణెం ఎగరేయమని నేననను. ఎటూ తేలని స్థితిలో మనం ఉన్నచోటే ఉండిపోవడం వైపు అవసరానికి మించి మొగ్గుతామని మాత్రం దీన్ని బట్టి నాకు అర్థమైంది.

అమ్మేటప్పుడు జాగ్రత్తలు కొన్ని. ధర చెప్పేటప్పుడు మీరు కొన్న రేటు, పెట్టిన ఇంటీరియర్ ఖర్చు మనసులో పెట్టుకోవద్దు. 1990ల బోస్టన్ ఫ్లాట్ల మీద జెనెసోవ్, మేయర్ అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనంలో, నష్టానికి అమ్మాల్సి వచ్చినవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ ధర చెప్పి, ఎక్కువ కాలం అమ్ముడుపోకుండా ఉండిపోయారు. గత ఆరు నెలల్లో మీ వీధిలో నిజంగా జరిగిన అమ్మకాలే మీకు కొలమానం. లోను ముందే తీర్చేస్తే బ్యాంకు చార్జీ ఉందేమో, లాభం మీద పన్ను ఎంత పడుతుందో ముందే కనుక్కోండి. అద్దె ఇల్లు ఖాయం కాకుండా ఇల్లు ఖాళీ చేసే తేదీకి మాటివ్వొద్దు.

ఆ టౌన్ మీద ఆశ ఉంటే ఈ మూడేళ్లలో వెళ్లి చూస్తూ ఉండండి, ఆదివారాలు మాత్రం వద్దు. మేం చేసిన పెద్ద తప్పు అదే. ఆరు ఆదివారాలు వెళ్లాం, ఎంత హాయిగా ఉందో అనుకుని నెలలోపు కొనేశాం. పద్నాలుగు నెలలకు మళ్లీ అమ్ముకున్నాం. రెండుసార్లు బ్రోకర్ కమీషన్, రెండుసార్లు రిజిస్ట్రేషన్, రెండుసార్లు సామాను లారీ. మంగళవారం పొద్దున ఏడున్నరకు ఆ టౌన్ నుంచి బయలుదేరి ఆఫీసుకు వెళ్లి చూడండి. వాన రోజు వెళ్లండి. రాత్రి పదింటికి పిల్లాడికి జ్వరం వస్తే తెరిచి ఉన్న ఆసుపత్రి ఎంత దూరమో డ్రైవ్ చేసి చూడండి. తర్వాత నచ్చితే, కొనకుండా ఏడాది అద్దెకుండండి.

నా సలహా మారే సందర్భాలు రెండున్నాయి. మీ ఏరియాలో చిన్న ఇంటి అద్దె కూడా ఆదాయంలో 35, 40 దాకా ఉంటే ఇల్లు మారి లాభం లేదు. అప్పుడు పాపకు ఎంత కష్టమైనా దూరం వెళ్లడం గురించి ఆలోచించాలి. అలాగే కార్డు అప్పు ఇప్పటికే మూడు నెలల జీతం దాటి ఉంటే మూడేళ్లు ఆగే సమయం మీకు లేదు.

పాపతో మాత్రం ఇల్లు అమ్మకానికి పెట్టకముందే, మీరిద్దరూ కలిసి కూర్చుని చెప్పండి. ఎవరో ఇల్లు చూడడానికి వస్తే తెలియకూడదు. మొదటి మాటగా "నీ స్కూలు మారదు" అని చెప్పండి, తర్వాతే మిగతాది. అద్దె ఇళ్లు చూడడానికి వెళ్లేటప్పుడు తననూ తీసుకెళ్లండి. ఏడాది అద్దె, అవుట్‌స్టాండింగ్ ప్రిన్సిపల్, కార్డు బాకీ, ఈ మూడు అంకెలూ చేతికొచ్చాక మళ్లీ రాయండి. మిగతా లెక్క కలిసి వేద్దాం.